నాలుగు కిలోలా, నాలుగు పౌన్లా

మనిషి ఒంటి మీద పద్దెనిమిది చోట్ల నొక్కి, "ఇక్కడ నొప్పా? మరి ఇక్కడ?" అని అడగడం కొన్నేళ్లపాటు నా ఉద్యోగం. ఫిజియోథెరపిస్టుగా పనిచేసి రిటైరైనదాన్ని. ఈ మధ్య ఒక కాలేజీలో పిల్లలు నన్ను పిలిచి, "మేడం, మీ సర్వీసులో గొప్ప విజయం ఒకటి చెప్పండి" అన్నారు. ఎంత ఆలోచించినా నాకు గుర్తొచ్చింది ఒక తప్పే. ఆ పూట తప్పించుకుని, ఏదో నడుమునొప్పి కథ చెప్పి వచ్చేశాను. ఇంటికొచ్చాక మనసొప్పలేదు. అందుకే ఇది రాస్తున్నాను. పిల్లలూ, నవ్వాలనిపిస్తే నవ్వండి. అప్పుడు కూడా చాలామంది నవ్వారు.

తొంభైల మధ్యకాలం. ఊరిని అందరం ఇంకా మద్రాసనే అనేవాళ్లం. మైలాపూరులో ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రి. మెట్లెక్కగానే ఎడమపక్క రక్తపరీక్షల ల్యాబు, కుడిపక్క మా ఫిజియోథెరపీ గది. మా గదిలో ఎప్పుడూ కీళ్ల కాపడానికి కాచిన మైనం వాసన, ల్యాబులో స్పిరిట్ వాసన. రెండూ కలిసే చోట ఒక బెంచీ వేసి రోగులను కూర్చోబెట్టేవారు.

మా కీళ్ల డాక్టరు విదేశంలో పైచదువు ముగించుకుని కొత్తగా వచ్చారు. తమిళాయన. ఆయన మాటలన్నీ ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. ఆయన వచ్చిన నాటి నుంచి ఒకే రకం రోగులు వరుసగా రావడం మొదలైంది. ఎక్కువమంది ఆడవాళ్లు. మెడ నుంచి మోకాలి దాకా నొప్పి, ఎంత నిద్రపోయినా తీరని అలసట, చేతిలో ఉన్న వస్తువునే ఇల్లంతా వెతికే మతిమరుపు. పరీక్షలు చేయిస్తే ఏమీ ఉండదు. వీళ్లకు మన దగ్గర పేర్లకు కొదవ లేదు: నరాల బలహీనత, వాతం, వయసు, ఇంటిపని ఎగ్గొట్టే ఉపాయం. డాక్టరు మాత్రం దీనికి ఫైబ్రోమయాల్జియా అని సరైన పేరే ఉందన్నారు. మా ఆయాకు ఆ పేరు ఎంత ప్రయత్నించినా నోరు తిరగక, చివరికి "పైపుమాయ" అని తేల్చేసింది. కొన్నాళ్లకు సగం ఆసుపత్రి అలాగే అనేది.

ఈ జబ్బును గుర్తించడానికి అప్పట్లో ఒక పద్ధతి ఉండేది. మూడు నెలలకు పైగా ఒళ్లంతా నొప్పి ఉండాలి. ఆపైన ఒంటి మీద గుర్తించిన పద్దెనిమిది చోట్ల నాలుగు కిలోల బలంతో నొక్కితే కనీసం పదకొండు చోట్ల నొప్పి పుట్టాలి. నొక్కే పని నాది. నాలుగు కిలోలంటే ఎంతో వేలికి తెలియాలి కదా? "తూకం మిషను మీద బొటనవేలితో నొక్కి అలవాటు చేసుకోండి" అన్నారు డాక్టరు.

మా ఇంట్లో పైన పళ్లెం ఉండే వంటింటి తూకం ఒకటి ఉండేది. వారం రోజులు పొద్దునా సాయంత్రం ఆ పళ్లెం మీద నొక్కాను. ముల్లు నాలుగు దగ్గరికి వచ్చేసరికి గోరు తెల్లబడేది. మా అత్తగారు ఉల్లిపాయలు ఒళ్లో పెట్టుకుని పక్కనే కూర్చుని, "నీ నాలుగు కిలోలు అయిపోతే చెప్పమ్మా, నాది అరకిలోనే" అనేవారు. వారం తర్వాత నా వేలు నా మాట వినడం మానేసింది. బస్సు సీటు, చపాతీ పిండి, మా ఆయన భుజం, ఏది కనిపిస్తే అది నొక్కేది. కూరగాయల అంగట్లో గుమ్మడికాయను నొక్కుతుంటే అంగడావిడ, "కొనేదానికా, వైద్యం చేసేదానికా?" అని అడిగింది. ఆసుపత్రి క్యాంటీన్‌లో నర్సులు నా పక్కన కూర్చోవడం మానేశారు.

ల్యాబు పెద్దాయనది గుంటూరు వైపు. ఉద్యోగం కోసం మద్రాసు వచ్చి స్థిరపడ్డారు. మంచి మనిషే కానీ, సూది గుచ్చకుండా జబ్బు కనిపెట్టేవాళ్లంటే ఆయనకు పడదు. "రక్తంలో లేనిది ఒంట్లో ఎలా ఉంటుందండీ? వేలితో నొక్కితే ఎవరైనా అబ్బా అంటారు. నన్ను నొక్కండి, నేనూ అంటాను" అనేవారు. నొక్కబోతే మాత్రం చెయ్యి లాక్కునేవారు.

ఆయన నోరు మూయించడానికే అన్నట్టు, డాక్టరు తన స్నేహితుడి చేత విదేశం నుంచి ఒక పరికరం తెప్పించారు. అరచేతిలో పట్టే గుండ్రని గడియారం లాంటిది. దాని కొసన చిన్న కడ్డీ, కడ్డీ చివర రూపాయి బిళ్ల కంటే చిన్న రబ్బరు బిరడా. లోపల స్ప్రింగు. బిరడాను ఒంటికి ఆనించి నొక్కితే ఎంత బలంతో నొక్కామో ముల్లు చూపిస్తుంది. గడియారం ముఖం మీద రెండు వరుసల అంకెలు. బయటి వరుస పెద్దగా, ఎర్రగా ఉంటుంది. లోపలి వరుస చిన్నగా, నల్లగా ఉంటుంది. నాకు అప్పుడే చత్వారం మొదలైంది, కళ్లజోడు పెట్టుకోవడం నామోషీ. పెద్ద అంకెలే చూశాను.

మొదటిసారి నొక్కినప్పుడు నా బొటనవేలు ఒక మాట చెప్పింది: "ఇది నాలుగు కాదు, చాలా మెత్తగా ఉంది." వారమంతా ఉల్లిపాయలు ఆపి మరీ నేర్చుకున్న వేలు అది. నేను దాని మాట వినలేదు. విదేశీ సరుకు, మనకంటే దానికే బాగా తెలుస్తుందనుకున్నాను.

నాలుగు నెలలు ఆ మీటరుతో నొక్కాను. ఫలితాలు ఎంత చక్కగా వచ్చాయంటే డాక్టరు మొహంలో మొదటిసారి పళ్లు కనిపించాయి. రోగులు పద్దెనిమిదిలో పదమూడు, పద్నాలుగు చోట్ల అమ్మా అంటున్నారు. పోల్చి చూడడానికి ఆరోగ్యంగా ఉన్న మా నర్సులను నొక్కితే ఒక్కరూ, ఒక్కచోటా కిక్కురుమనలేదు. ఒకమ్మాయి నొక్కుతుండగానే కునుకు తీసింది. నాలుగో నెల చివరి ఆదివారం ఊళ్లో జరిగే డాక్టర్ల సమావేశంలో ఈ సంగతి చెప్పడానికి డాక్టరు పేరు ఇచ్చేశారు. పట్టికలు నా చేతే గీయించారు.

ఆ నాలుగు నెలల చివర్లో ఒక అక్క వచ్చింది. నలభై దాటిన మనిషి, ప్యారిస్ కార్నర్ వెనక వీధిలో తక్కెళ్లు, పడికట్టు రాళ్లు అమ్మే వ్యాపారి భార్య. తరతరాలుగా అక్కడే ఉన్న తెలుగు కుటుంబం. చంకలో రెండు లావుపాటి ఫైళ్లు పెట్టుకుని మెట్లెక్కి, బెంచీ మీద కూర్చోబోయి, కూర్చోవడానికి ఏ పక్క తక్కువ నొప్పో కాసేపు ఆలోచించింది.

"ఏమక్కా, నొప్పి ఎక్కడ?" అన్నాను.

"లేని చోటు చెప్తా, రాసుకో. తొందరగా అయిపోతాది" అంది. "పొద్దున లేస్తే రాత్రంతా మూటలు మోసినట్టు ఉంటాదమ్మా. గాజులు ఏసుకుంటే చెయ్యి నొప్పి. మొన్న కాఫీలో చక్కెర అనుకోని ఉప్పేసినా. మా ఆయన తాగేసి, ఈ పొద్దు కాఫీ బాగుంది అని పోయినాడు. నా మతికి ఏమైందో, ఆయన నాలిక్కి ఏమైందో తెలీలా."

ఫైళ్లు తెరిచాను. ప్రతి కాగితం మీదా "నార్మల్" అని ఉంది. మా ల్యాబు పెద్దాయన కూడా ఆమె రక్తం తీసి, వాపు, కీళ్లవాతం, థైరాయిడ్, కండరాల పరీక్షలన్నీ చేసి, అన్నిటి కింద నార్మల్ అని గీత గీసి మరీ రాశారు.

"నార్మల్ అని చూస్తే నాకు ఏడుపొస్తాది" అంది అక్క. "ఈసారన్నా ఏదో ఒకటి చెడిపోయి ఉండాల స్వామీ అని మొక్కుకొని వచ్చినా. లోకంలో ఎవరన్నా అట్లా మొక్కుకుంటారా?"

ఆమెను నొక్కాను. పద్దెనిమిదిలో పదహారు చోట్ల ముల్లు నాలుగు చేరకముందే చేతిని పట్టేసుకుంది. డాక్టరు చూసి ఫైబ్రోమయాల్జియా అన్నారు. ఆ మాట విని ఆమె ఏడ్చింది. ఏడుస్తూనే పేరు ఎలా రాయాలో కాగితం మీద రాయించుకుని, మడిచి జాకెట్లో పెట్టుకుంది.

మర్నాడు పొద్దున్నే ఆమె భర్త ఒక్కడే వచ్చాడు. తెల్ల చొక్కా, తెల్ల పంచె, జేబులో రెండు పెన్నులు. మా గది గుమ్మంలో నిలబడి అడిగాడు.

"ఏమ్మా, నిన్న నా భార్యను నొక్కింది నువ్వేనా?"

"అవునన్నా."

"రక్తంలో లేదంట, ఎక్స్‌రేలో లేదంట, ఈ చిన్న గడియారంలో ఉండాదంట. అంతే గదా?"

నేను తలూపాను.

"చూడమ్మా. నేను తగాదాకు రాలా. పన్నెండేండ్లుగా ఆమె నొప్పి నొప్పి అంటాది. నేను తీసుకుపోని డాక్టరు లేడు. అందరూ సుమ్మా ఊరికే అంటా ఉండాది అన్నారు. మా వీధిలో మూటలు మోసేటోళ్లు ఉండారు, వాళ్లకి లేని నొప్పి ఈమెకి ఏంది? ఇదే కడసారి. మీ మీటరు నిజమైతే నేను నోరు మూసుకుంటా. అబద్ధమైతే ఇంక ఆస్పత్రి మాట మా ఇంట్లో ఎత్తకూడదని ఆమెతో ఒప్పందం చేసుకున్నా. ఆమె సరే అనింది."

"మీటరు నిజమో కాదో ఎలా తెలుస్తుందన్నా?"

అతను నన్ను జాలిగా చూశాడు. "నేను చేసే పనే అదమ్మా" అన్నాడు.

శనివారం మధ్యాహ్నం భార్యాభర్తలిద్దరూ వచ్చారు. అతని చేతిలో ఎర్ర మఖమలు పరిచిన చెక్కపెట్టె ఉంది. లోపల వరుసగా ఇత్తడి రాళ్లు, ప్రతి రాయి మీదా ప్రభుత్వ ముద్ర. ఒక్కొక్కటీ గుడ్డతో పట్టుకుని బయటికి తీశాడు. వేళ్ల జిడ్డు అంటితే తూకం మారుతుందట. విషయం తెలిసి ల్యాబు పెద్దాయన కూడా తన స్టూలు తెచ్చుకుని మా గదిలో కూర్చున్నారు. సినిమాకు వచ్చినట్టు చేతిలో వేరుశనగల పొట్లం కూడా ఉంది.

వ్యాపారి మీటరును తలకిందులుగా తిప్పి, బిరడా పైకి వచ్చేలా రెండు లావు పుస్తకాల మధ్య బిగించాడు. బిరడా మీద టిన్ను మూత పెట్టాడు. దాని మీద రెండు కిలోల రాయి ఉంచి, పడకుండా వేలు అడ్డం పెట్టి, ముల్లు చూశాడు. మళ్లీ చూశాడు. రాయి తీసి, ఊది, మళ్లీ పెట్టాడు.

"నువ్వు చూడమ్మా, ఎంత చూపిస్తా ఉండాది?"

"నాలుగు దాటింది" అన్నాను.

"రెండు కిలోల రాయికి నాలుగు పైన! ఇట్లాంటిది మా అంగట్లో ఉంటే లైసెన్సు పీకేస్తారు!"

ల్యాబు పెద్దాయన నోట్లో వేరుశనగ అలాగే ఆగిపోయింది. గోడవారగా కూర్చున్న అక్క మొహం పాలిపోయింది. అతను ఒప్పందం గుర్తుచేస్తాడేమోనని అటు చూశాను. అతను అవేమీ పట్టించుకోకుండా జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకుని, మీటరును ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు.

"ఆగండాగండి. మీటరు మంచిదే. ఏమ్మా, నువ్వు ఎర్ర అంకెలు చూస్తివా, నల్లవి చూస్తివా?"

"ఎర్రవి."

"ఎర్రవి పౌన్లమ్మా! ఈడ రాసుండాది చూడు, ఎల్ బీ అని. కిలోలు లోపల నల్లవి." అని రెండు వరుసలూ వేలితో చూపించి, లెక్క తేల్చాడు. "ఇన్ని దినాలూ నాలుగు పౌన్లు నొక్కినావు. అంటే రెండు కిలోలు కూడా కాదు."

పిల్లలూ, కాళ్లకింద నేల కదలడం అంటారే, అది రాతకోసం అనే మాట కాదు. నాలుగు నెలలు, అంతమంది రోగులు, అంతమంది నర్సులు, రేపు పొద్దున సమావేశం, నేను గీసిన పట్టికలు. కునుకు తీసిన నర్సు ఎందుకు కునుకు తీసిందో అప్పుడు అర్థమైంది.

డాక్టరు గదికి వెళ్లి నిలబడే చెప్పేశాను. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఎంతకాలంగా?"

"నాలుగు నెలలు సార్."

"నాలుగు నెలలా? అది ఏ కొలతలో?"

ఏడవాలో నవ్వాలో తెలియక రెండూ చేశాను. ఆయన లేచి కిటికీ దగ్గరికి వెళ్లి వేళ్లమీద పౌన్లను కిలోల్లోకి మార్చుకున్నారు. తిట్టి ఉంటే నాకు సుఖంగా ఉండేది. తర్వాత ఇటు తిరిగారు.

"అంటే మన రోగులు నేను చెప్పిన బలంలో సగం కూడా పడకముందే నొప్పి అన్నారు."

"అవును సార్."

"నర్సులను అసలు నొక్కనే లేదు."

"అవును సార్."

"అయితే ఈ మధ్యాహ్నం ఎవరెవరు ఖాళీగా ఉన్నారో అందర్నీ పిలవండి. ఈసారి నల్ల అంకెలు. ముందు కళ్లజోడు కొనుక్కోండి. అందాకా ఇవి పెట్టుకోండి" అని తన కళ్లజోడు నాకిచ్చారు.

డాక్టరు కళ్లజోడు పెట్టుకుని ఆ మధ్యాహ్నం ఆసుపత్రిని నొక్కాను. నర్సులు వరుస కట్టారు. నిజమైన నాలుగు కిలోలు పడేసరికి మా గదిలోంచి వచ్చిన కేకలకు కింద మందుల కౌంటరు దగ్గర ఒక రోగి చీటీ వెనక్కి తీసుకుని వెళ్లిపోయాడట. కేకలు వేశారు కానీ, ఎవరికీ మూడు నాలుగు చోట్లకు మించి నొప్పి రాలేదు. ల్యాబు పెద్దాయన చొక్కా చేతులు మడిచి, "రండమ్మా, ఎన్ని సూదులు చూసిన ఒళ్లిది" అని ముందుకొచ్చారు. మోకాలి లోపలిపక్క నొక్కేసరికి ఆయన నోటి నుంచి వచ్చిన శబ్దం మనిషిదని నేను ప్రమాణం చేయలేను. వేరుశనగలు గదంతా చెల్లాచెదురయ్యాయి. తర్వాత తక్కెళ్ల వ్యాపారి వంతు. పద్దెనిమిదీ నొక్కాల్సిందేనని పట్టుబట్టాడు. లెక్కకు రెండు చోట్ల దేవుణ్ని పిలిచాడు, మూడోచోట వాళ్ల నాయన్ని పిలిచాడు. దాన్ని నొప్పిగా లెక్కించాలా వద్దా అని నేనూ డాక్టరూ మాట్లాడుకోవాల్సి వచ్చింది.

ఇంతసేపూ అక్క గోడవారగా కూర్చుని చూస్తూ ఉంది. అందరూ నవ్వుతున్నారు, ఆమె నవ్వడం లేదు. అందరి నొప్పి అయ్యాక లేచి వచ్చింది.

"మీటరు తప్పంటే నాది కూడా తప్పయిపోయినట్టే గదా?" అంది.

"కాదక్కా, తప్పు చేసింది నేను."

"అట్లయితే నాకు మళ్లా నొక్కు. ఈసారి నా కండ్లకు గుడ్డ కట్టేయండి. అంకెలు ఆయన్నే చూసి రాసుకోమను. నాకు చెప్పొద్దు. పన్నెండేండ్ల తగాదా, ఈ పొద్దు తేలిపోవాల."

టవలుతో ఆమె కళ్లు కట్టాం. పద్ధతి భర్తే చెప్పాడు, తక్కెడ పరీక్షించే పద్ధతే. ఒకే రాయిని మూడుసార్లు పెట్టి చూడాలి, వరుస మార్చి మార్చి పెట్టాలి. నేను ఒక్కోచోట నెమ్మదిగా బలం పెంచుతూ పోతాను. ఒత్తిడి నొప్పిగా మారిన క్షణాన ఆమె "ఇప్పుడు" అనాలి. అతను ముల్లు చూసి రాసుకోవాలి. నేను మీటరు వైపు చూడకూడదు.

మెడ. భుజం. మోచేయి. తుంటి. మోకాలు. మళ్లీ భుజం. "ఇప్పుడు." "ఇప్పుడు." గదిలో ఫ్యాను శబ్దం, పెన్ను గీరుడు, ఆమె మాట తప్ప ఏమీ లేదు. రెండో చుట్టులో అతను నాకు సైగ చేశాడు: ఊరికే ఆనించు, నొక్కొద్దు. నేను బిరడాను భుజానికి ఆనించి ఊరుకున్నాను. అతను కళ్లార్పకుండా ఆమెను చూస్తున్నాడు. పది లెక్కపెట్టేంత సేపు గడిచింది.

"ఏమ్మా," అంది అక్క, "నొక్కేది మర్చిపోతివా? కాఫీ తాగేదానికి పోతివా?"

ల్యాబు పెద్దాయన పకపకా నవ్వి వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. వ్యాపారి నవ్వలేదు. నా చేతిలోంచి మీటరు తీసుకుని, మూడో చుట్టు తనే మొదలుపెట్టాడు. నొక్కేది తనేనని ఆమెకు తెలియకుండా ఊపిరి బిగబట్టి, వేలికొసలతో, ఇత్తడి రాయిని ఎత్తినంత జాగ్రత్తగా నొక్కాడు. "ఇప్పుడు" అనగానే వెంటనే చెయ్యి వెనక్కి తీసేశాడు.

అయిపోయాక కాగితం పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్లాడు. నేను వెనక నుంచి తొంగి చూశాను. ఆమెకు ఎక్కడా రెండు కిలోలు పట్టలేదు. చాలాచోట్ల ఒకటిన్నర దగ్గరే. ఏ చోటు చూసినా మూడుసార్లూ ముల్లు దాదాపు అక్కడక్కడే నిలిచింది.

"సార్," అన్నాడు డాక్టరుతో. "మూడుసార్లు ఎత్తి, మూడుసార్లూ ఒకే తూకం చెప్పిందంటే ఆ తక్కెడను నేను వాపసు తీసుకోను. కండ్లు కట్టుకోని సుమ్మా అబద్ధం చెప్పేటోళ్లకి ఇట్లా రాదు."

అక్క టవలు విప్పుకుంది. "అంటే ఇన్నేండ్లూ నేను అబద్ధం చెప్తా ఉండానని అనుకుంటివా?"

అతను పెట్టెలోని రాళ్లను సర్దడం మొదలుపెట్టాడు. అవి అప్పటికే సర్ది ఉన్నాయి.

"అబద్ధమని కాదు. సందేహం."

"పన్నెండేండ్ల సందేహమా?" అని ఆమె నా వైపు తిరిగింది. "ఏమ్మా, ఆయనకి ఇంకొక తూరి నొక్కు. వాళ్ల నాయన్ని పిలిచినాడే, ఆ చోట. నల్ల అంకెల్లోనే."

నొక్కాను. డాక్టరు అభ్యంతరం చెప్పలేదు.

నొప్పి తగ్గాక వ్యాపారి అసలు ప్రశ్న అడిగాడు. "సరే సార్, ఒప్పుకున్నా. ఈమెకి చెడింది యాడ? రక్తం మంచిది, ఎముక మంచిది, కండ మంచిది."

తక్కువ మాట్లాడే మా డాక్టరు ఆ రోజు అరగంట మాట్లాడారు. నొప్పి కండలో పుడుతుంది కానీ, దాన్ని నొప్పి అని తేల్చేది వెన్నుపాము, మెదడు అన్నారు. ఆ కబురు మోసే రసాయనం ఒకటి ఉందని, ఇలాంటి రోగుల వెన్నుపాము చుట్టూ ఉండే నీటిలో అది మామూలు కంటే ఎక్కువగా ఉన్నట్టు బయటి దేశాల్లో చూశారని, అది మామూలు రక్తపరీక్షలో దొరకదని చెప్పారు. ఆ చివరి మాట అన్నప్పుడు ల్యాబు పెద్దాయన స్టూలును కొంచెం ముందుకు జరుపుకున్నారు. ఇంకొక సంగతి నిద్ర. వీళ్లు గాఢనిద్రలో ఉన్నప్పుడు కూడా మెదడులో మెలకువగా ఉన్నప్పటి అలలు చొరబడుతుంటాయట. ఒంటికి మరమ్మతు చేసే హార్మోను ఎక్కువగా ఊరేది ఆ గాఢనిద్రలోనే. నిద్ర చెడితే నొప్పి పెరుగుతుంది, నొప్పి పెరిగితే నిద్ర చెడుతుంది. "ఏది ముందు, ఏది వెనక అని అడగకండి. నాకు తెలియదు. ఇప్పటికి ఎవరికీ సరిగ్గా తెలియదు" అన్నారు.

వ్యాపారి వేలితో గాలిలో ముల్లు గీసి చూపించాడు. "అంటే సార్, తక్కెట్లో ఏమీ పెట్టకముందే ముల్లు సున్నా మీద నిలవకుండా పక్కకి పోయి ఉండాది. అప్పుడు గోరంత పెట్టినా కొండంత చూపిస్తాది. రాయి తప్పు కాదు, సరుకు తప్పు కాదు, సున్నా జరిగింది. అంతే గదా?"

డాక్టరు జేబులోంచి పెన్ను తీసి ఆ మాట రాసుకున్నారు.

ఆ సాయంత్రం కూర్చుని పట్టికలన్నీ కొట్టేసి మళ్లీ గీశాం. మర్నాడు సమావేశంలో డాక్టరు మొదటి మాటగానే, "మా మొదటి నాలుగు నెలల ఫలితాలు పౌన్లలో ఉన్నాయి, క్షమించండి" అన్నారు. హాలంతా నవ్వింది. తప్పు ఎవరిదో చెప్పలేదు, "మేము" అని మాత్రమే అన్నారు. నేను చివరి వరుసలో కొత్త కళ్లజోడు పెట్టుకుని కూర్చున్నాను. పక్కకి జరిగిన సున్నా సంగతి చెప్పినప్పుడు ఎవరూ నవ్వలేదు. పెన్నులు కదిలాయి. ఆ మాట ఎవరిదో కూడా చెప్పారు: "తూనికలు తెలిసిన ఒక పెద్దమనిషిది." అయిపోయాక ఒక పెద్ద డాక్టరు నన్ను పక్కకు పిలిచి, "ఆ ఎర్ర అంకెలు ఎటువైపు ఉంటాయన్నారు?" అని మెల్లగా అడిగారు. ఆయన దగ్గర కూడా అలాంటి మీటరే ఉందట.

అక్కకు డాక్టరు పడుకునే ముందు వేసుకునే చిన్న మాత్ర ఒకటి రాశారు, నిద్ర కోసం. రోజూ నడవమన్నారు. మొదటి వారం వీధి చివరి దాకా, తర్వాత వారం ఇంకొంచెం. నేను వేడినీళ్ల కాపడం, చిన్న చిన్న వ్యాయామాలు నేర్పాను. జబ్బు పోయిందని రాస్తే బాగుంటుంది కానీ, పోలేదు. కొన్ని వారాలు బాగుండేది, కొన్ని వారాలు మెట్లెక్కలేకపోయేది. ల్యాబు పెద్దాయన మాత్రం అప్పటి నుంచి రిపోర్టుల కింద నార్మల్ అని రాసి ఊరుకోకుండా, "మేము చూసినంతవరకు" అని ఒక ముక్క చేర్చడం మొదలుపెట్టారు. ఉద్యోగజీవితంలో నేను ఒక మనిషి చేత రాయించగలిగింది ఏదైనా ఉంటే అదే.

దాదాపు ఏడాది తర్వాత అక్క ఒకరోజు వచ్చింది. వ్యాయామాలు చూపించి, "నొప్పి ఎలా ఉందక్కా?" అని అడిగాను.

"ఉండాదమ్మా, యాడికి పోతాది? కాకపోతే ముందు నాకొక్కదానికే తెలిసేది. ఇప్పుడు ఇంట్లో ఇద్దరికి తెలుసు. మోసేదానికి కొంచెం బరువు తగ్గినట్టుండాది."

చెయ్యి పట్టుకుని ఆమెను మెట్లు దింపాను. కింద ఆమె భర్త ఆటో మాట్లాడి ఉంచాడు. భార్యను ఎక్కించే ముందు ఆటో ఆయన భుజాన్ని బొటనవేలితో గట్టిగా నొక్కుతూ ఏదో విడమరచి చెబుతున్నాడు.

"ఈడ నొక్కితే నీకు నొప్పి ఉండాదా? లేదు గదా? ఆమెకి ఉంటాది. ఈడ? ఈడ కూడా ఉంటాది. అట్లాంటివి పద్దెనిమిది. గుంతలు వస్తే నిదానంగా పో, తెలిసిందా?"

"తెలిసింది సార్, తెలిసింది," అన్నాడు ఆటో ఆయన, వ్యాపారి బొటనవేలు తన మోచేతి దగ్గరికి వస్తుంటే వెనక్కి జరుగుతూ. "మిగతా పదహారూ నమ్ముతాను, ఎక్కండి."